ఒక్క మైకు, పన్నెండు బుర్రలు

రాత్రి ఎనిమిదిన్నర. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు భోజనాల వేళ, డాలస్‌లో ఉన్న ఇద్దరికి ఉదయం పది. తెర మీద పన్నెండు గళ్లు. అందులో ఏడింటికి కెమెరా ఆఫ్. పేరులోని మొదటి అక్షరం ఒక్కటే రంగు వృత్తంలో కనిపిస్తోంది. యాప్‌లో సగం వివరాలు నింపి వెళ్లిపోతున్న వాడకందార్లను ఎలా నిలబెట్టుకోవాలన్నది ఆ రోజు విషయం. "తప్పూ ఒప్పూ ఏమీ లేదు, ఏది తోస్తే అది ఫ్రీగా చెప్పండి" అన్నారు మేనేజరు. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఇద్దరు ఒకేసారి నోరు తెరిచి, "మీరు చెప్పండి", "లేదండీ, మీరే చెప్పండి" అనుకుని ఇద్దరూ ఆగిపోయారు. మూడో ఆయన అందుకుని ఆరు నిమిషాలు మాట్లాడారు. ఆ తర్వాత వంతు వచ్చిన అమ్మాయి, "నేను చెప్పాలనుకున్నదే సార్ చెప్పేశారండీ" అని మళ్లీ మ్యూట్‌లోకి వెళ్లిపోయింది.

ఇలాంటి మీటింగుల్లో నేను చాలాసార్లు కూర్చున్నాను. ఆ చివరి మాటను చాలాకాలం తప్పించుకునే ఎత్తుగానే లెక్కవేసుకున్నాను. పరిశోధనలు చదివాక ఆ అమ్మాయికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. వంతు కోసం కాచుకున్న ఆ ఆరు నిమిషాల్లో ఆమె బుర్రలోంచి ఏదో నిజంగానే జారిపోయి ఉంటుంది. అలా జారిపోయేది ఎంతో కొలిచి చూసినవాళ్లున్నారు.

కథ అలెక్స్ ఆస్బోర్న్‌తో మొదలవుతుంది. ఆయన ప్రకటనల వ్యాపారి. బీబీడీఓ అనే అమెరికన్ ప్రకటనల సంస్థ పేరులో చివరి 'ఓ' ఆయనదే. 1939 నుంచి తన ఉద్యోగులను ఒకచోట కూర్చోబెట్టి ఆలోచనలు రాబట్టడం అలవాటు చేసుకున్నాడు. 1948లో ఒకటి, 1953లో ఒకటి పుస్తకాలు రాసి ఆ అలవాటును ఊరూరా పాకించాడు. నియమాలు నాలుగే. వచ్చిన ఆలోచనను అక్కడికక్కడ విమర్శించకూడదు. ఎంత వింతదైనా చెప్పొచ్చు. ఎన్ని ఎక్కువ వస్తే అంత మంచిది. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు పట్టుకుని పెంచాలి. బ్రెయిన్‌స్టార్మింగ్ అన్న పేరులోని 'స్టార్మ్'కు ఆయన ఉద్దేశించిన అర్థం సమస్య మీదికి కమాండోల్లా విరుచుకుపడటం. మనం మేధోమథనం అనుకున్నాం. వాళ్లది ముట్టడి, మనది చిలకడం. చిలికినప్పుడు ముందు పైకి వచ్చింది హాలాహలమని మాత్రం ఏ మేనేజరూ టీముకు గుర్తుచేయడు.

ఆస్బోర్న్ పుస్తకంలో మనకు ఆసక్తి కలిగించే విడ్డూరం ఒకటుంది. తన పద్ధతి లాంటిదే భారతదేశంలో నాలుగు వందల ఏళ్లకు పైగా ఉందనీ, హిందూ గురువులు దాన్ని 'ప్రాయ్-బర్షణ' అంటారనీ, 'ప్రాయ్' అంటే నీకు వెలుపల, 'బర్షణ' అంటే ప్రశ్న అనీ రాశాడు. సంస్కృతం కాస్త తెలిసిన చెవికి అది ఎక్కడా అతకదు. ఎవరో చెప్పిన 'పరిప్రశ్న' ఆయన చెవిలో అలా పడిందేమోనని నా అనుమానం. అనుమానమే, రుజువేమీ లేదు.

దాన్ని అలా ఉంచితే, ఆయన చేసిన ఇంకో వాదన మాత్రం కొలిచి చూడదగ్గది. సగటు మనిషి ఒంటరిగా ఉన్నప్పటి కంటే గుంపులో రెట్టింపు ఆలోచనలు ఇస్తాడన్నాడు. యేల్ విశ్వవిద్యాలయంలో డోనాల్డ్ టేలర్, పాల్ బెర్రీ, క్లిఫర్డ్ బ్లాక్ కలిసి దాన్ని పరీక్షకు పెట్టారు. 1958లో ఫలితం అచ్చయింది. 96 మంది విద్యార్థుల్లో సగం మందిని నలుగురేసి 12 గుంపులుగా కూర్చోబెట్టారు. మిగతా 48 మంది ఎవరికి వారే పనిచేశారు. ప్రశ్నలు సరదాగానే ఉన్నాయి. ఐరోపా నుంచి అమెరికాకు యాత్రికులను రప్పించడం ఎలా? మనిషి చేతికి ఇంకో బొటనవేలు మొలిస్తే ఏమిటి లాభం, ఏమిటి ఇబ్బంది? ఒంటరిగా పనిచేసినవాళ్లలో నలుగురి జాబితాలను తర్వాత కలిపారు. ఒకే ఆలోచన ఇద్దరు రాస్తే ఒకటిగానే లెక్కపెట్టారు. ఒకరినొకరు చూసుకోని, పేరుకు మాత్రమే గుంపు అయిన ఆ నలుగురితో నిజంగా కలిసి కూర్చున్న నలుగురిని పోల్చారు. కలిసి కూర్చున్నవాళ్లు దాదాపు సగం దగ్గరే ఆగిపోయారు. ఆస్బోర్న్ చెప్పిన రెట్టింపు కనిపించింది కానీ, అది అవతలి పక్షానికి దక్కింది.

విద్యార్థులు కదా, ఉద్యోగులైతే వేరు అనుకోవచ్చు. మిన్నెసోటాలోని త్రీఎం కంపెనీలో మార్విన్ డనెట్, ఆయన సహచరులు ఆ పనీ చేశారు. 48 మంది పరిశోధకులు, 48 మంది ప్రకటనల విభాగం వాళ్లు. 24 గుంపుల్లో 23 గుంపుల మనుషులు కలిసి కూర్చున్నప్పటి కంటే విడిగా ఉన్నప్పుడే ఎక్కువ ఆలోచనలు ఇచ్చారు. 1963లో వెలువడిన ఫలితం ఇది. పదిహేడేళ్ల తర్వాత అదే కంపెనీ అమెరికా అంతటా అమ్మకానికి పెట్టిన పసుపుపచ్చ అంటించే చీటీలు బ్రెయిన్‌స్టార్మింగ్‌కే గుర్తుగా మారాయి. ఇప్పుడు ఆన్‌లైన్ బోర్డుల మీద మనం మౌస్‌తో లాగే పసుపు చదరాలు వాటి నీడలే. చీటీ మీద రాస్తే ఒకరి వంతు కోసం ఇంకొకరు ఆగనక్కర్లేదు కాబట్టి, పసుపు కాగితానికి పరిశోధనతో ఆ కంపెనీ అనుకోకుండానే రాజీ కుదిర్చిందని నాకు అనిపిస్తుంది.

నలుగురు కలిస్తే సగం ఎక్కడికి పోతోంది? మొదటి అనుమానం బద్ధకం మీద. క్షీరసాగరం చిలికినప్పుడు వాసుకిని పట్టుకున్నవాళ్లలో అందరూ ఒకే బలంతో లాగారా అని ఎవరూ అడగలేదు. ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మన్ మాత్రం 1880లలో మనుషుల చేత బరువులు లాగించి కొలిచాడు. ఎనిమిది మంది కలిసి లాగితే, విడివిడిగా లాగిన బలాల మొత్తంలో సగమే వచ్చింది. ఆయన దాన్ని ఎక్కువగా లయ కుదరకపోవడం కింద రాసుకున్నాడు. 1979లో బిబ్ లటానే బృందం చప్పట్లతో, అరుపులతో పరీక్షించి, పక్కన ఇంకొందరు ఉన్నారనుకుంటేనే మనిషి గొంతు తగ్గిస్తాడని చూపించింది. రెండో అనుమానం భయం మీద. పదిమందిలో పిచ్చి మాట అంటే నవ్వుతారేమోనన్న వెనకడుగు. ఈ రెండూ నిజమే. కానీ అసలు దొంగ మూడోది.

దాన్ని పట్టుకున్నది జర్మనీలోని ట్యూబింగన్ విశ్వవిద్యాలయంలో మిషాయెల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ ష్ట్రోబె. 1987లో ప్రచురించిన వాళ్ల ప్రయోగాల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. నలుగురిని నాలుగు వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ మైకు ఇచ్చారు. ఎదుట చిన్న దీపాలు. ఎవరైనా మాట్లాడుతుంటే మిగతా గదుల్లో దీపం ఆ సంగతి చెబుతుంది. కొందరితో "దీపం వెలుగుతుంటే ఆగండి" అన్నారు. ఇంకొందరితో "దీపాల్ని పట్టించుకోకండి, మీ పాటికి మీరు చెప్పుకుంటూ పోండి" అన్నారు. ఆగమన్న గదుల్లో ఆలోచనలు దాదాపు సగానికి పడిపోయాయి. అవతలివాళ్ల మాటలు వినిపించినా అంతే, వినిపించకపోయినా అంతే. నవ్వేవాళ్లు ఎదురుగా లేరు, పని ఎగ్గొట్టడానికి కారణమూ లేదు. వంతు కోసం ఆగడం ఒక్కటే ఆ నష్టమంతా చేసింది.

ఈ ఆగడంలో ఏం జరుగుతుందో తెలుగువాళ్లకు ఒక్క మాటలో చెప్పొచ్చు: అప్రస్తుత ప్రసంగం. అవధాని ఒక పాదం మనసులో నిలుపుకుని రెండో పాదానికి వెతుకుతుండగా, పక్కనున్న పృచ్ఛకుడు "ఏమండీ, ఇవాళ వంకాయ కూర తిన్నారా?" అంటాడు. జవాబు చెప్పాలి, పాదం జారకూడదు. దానికి ఏళ్ల సాధన కావాలి. అందుకే జనం పనిగట్టుకుని వెళ్లి చూస్తారు. మన బ్రెయిన్‌స్టార్మింగ్ మీటింగులో పన్నెండు మందిలో పదకొండు మంది ప్రతి క్షణం అవధానులే. తోచినదాన్ని పట్టుకుని ఉండాలి, మాట్లాడుతున్నవారిని వినాలి, ఎప్పుడు దూరాలో చూసుకోవాలి. తోచిన ఒక్కదాన్ని మనసులో వల్లె వేసుకుంటుంటే దాని వెనకే రావలసిన రెండోది రాదు. ఆలోచనలు గొలుసుగా వస్తాయి. ఒక కొక్కెం దగ్గర ఆపితే గొలుసంతా ఆగిపోతుంది.

ఇంత నష్టం జరిగినా మీటింగు అయ్యాక "భలే జరిగింది" అని మనకెందుకు అనిపిస్తుంది? నెదర్లాండ్స్ పరిశోధకుడు బెర్నార్డ్ నైస్టాడ్ బృందం చెప్పే కారణం సరళంగా ఉంటుంది. ఒంటరిగా కూర్చున్నప్పుడు ఏమీ తోచని నిమిషాలు మనకు బాగా తెలుస్తాయి, ముల్లులా గుచ్చుకుంటాయి. గుంపులో ఆ ఖాళీలను ఇంకెవరి మాటో నింపేస్తుంది. మన బుర్ర ఆగిపోయిన సంగతి మనకే తెలియదు. పెళ్లింట్లో రోజంతా తిరిగి చాలా పని చేశామనుకోవడం లాంటిదే ఇదీ.

మందు చాలామందికి చాలా ముందే తోచింది. 1968లో జర్మనీలో బెర్న్‌డ్ రోర్‌బాఖ్ అనే ఆయన నోరు మూయించాడు. ఆరుగురు, తలా మూడు ఆలోచనలు, అయిదు నిమిషాలు. ఆ తర్వాత కాగితం పక్కవాళ్లకు. అరగంటలో 108 ఆలోచనలు, ఒక్క మాట లేకుండా. 1980లలో అరిజోనా విశ్వవిద్యాలయంలో జే నూనమేకర్ బృందం దీన్ని కంప్యూటర్లలోకి దించింది. ఒక్కో మనిషి ముందు ఒక్కో తెర. టైపు చేసి పంపగానే ఇంకెవరెవరో రాసినవి ఉన్న వేరే ఫైలు తిరిగి వస్తుంది. ఎవరు రాశారో తెలియదు. వంతుల్లేవు, పేర్లు లేవు, పక్కవాళ్ల ఆలోచనలు మాత్రం చూడొచ్చు. అలన్ డెన్నిస్, జోసెఫ్ వలాసిచ్ 1993లో ప్రచురించిన పోలికలో, ఆరుగురు ఉన్నప్పుడు ఈ పద్ధతికీ విడివిడిగా రాయడానికీ పెద్ద తేడా లేదు. పన్నెండు మంది అయ్యేసరికి తెర మీద కలిసి రాసినవాళ్లు విడిగా రాసినవాళ్లను దాటేశారు. పన్నెండు మంది ఒకరికొకరు కనబడకుండా రాస్తే అవే ఆలోచనలు పదేపదే వస్తాయి. కనబడితే, "ఇది ఎవరో రాసేశారు" అని ఇంకో దారి పడతారు. ఆ అమ్మాయి నోట నిరాశగా వినిపించిన మాటే ఇక్కడ పనికొచ్చే సంకేతం అయింది.

చదివినప్పటి నుంచి నేను పట్టుకున్న ముక్క ఇదే. నోటితో చేసే బ్రెయిన్‌స్టార్మింగ్‌కు మనుషులు పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. వేళ్లతో చేసేదానికి మనుషులు పెరిగేకొద్దీ లాభం పెరుగుతుంది. టీము మొత్తాన్ని పిలవాలనుకుంటే ఆన్‌లైన్‌కు మించిన చోటు లేదు. కానీ మనం ఏం చేశాం? పన్నెండు కీబోర్డులున్న చోట ఒక్క మైకు పెట్టి, గదిలో ఉన్న జబ్బును మరింత ముదరబెట్టి తెచ్చుకున్నాం. గదిలో కనీసం పక్కవాళ్ల చెవిలో గుసగుసలాడొచ్చు. వీడియో కాల్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరివీ పోతాయి.

వీడియో గురించి ఇంకో సంగతి 2022లో నేచర్ పత్రికలో వచ్చింది. మెలనీ బ్రక్స్, జొనాథన్ లెవావ్ 602 మందిని జంటలుగా విడదీశారు. కొన్ని జంటలు ఒకే గదిలో, కొన్ని వేరువేరు గదుల్లో వీడియో మీద. ఎగరేసే ఫ్రిస్బీ పళ్లేనికి కొత్త వాడకాలు చెప్పాలి, లేదా బుడగల ప్యాకింగు కాగితానికి. గదిలో ఉన్న జంటలకు సగటున దాదాపు 17, తెర జంటలకు దాదాపు 15 తోచాయి. సృజనాత్మకమైనవాటిలోనూ వెనకంజే. గదిలో కావాలనే కొన్ని వస్తువులు పెట్టారు. గిన్నెలో నిమ్మకాయలు, గోడ మీద అస్థిపంజరం బొమ్మ, ఓ పెద్ద మొక్క. తెర జంటలు ఎదుటి ముఖాన్నే చూస్తూ గదిని చాలా తక్కువ చూశారు. అక్కడి వస్తువులూ వాళ్లకు తక్కువే గుర్తున్నాయి. చూపు తెరకు కట్టుబడితే ఆలోచన కూడా దాని చుట్టూనే తిరుగుతుందన్నది వాళ్ల వివరణ. ఒక టెలికాం సామగ్రి కంపెనీలో దాదాపు 1,500 మంది ఇంజినీర్లతో చేసినప్పుడూ ఇదే వచ్చింది. అది జరిగిన అయిదు దేశాల్లో మనదీ ఒకటి. వచ్చిన ఆలోచనల్లోంచి మంచిదాన్ని ఏరేటప్పుడు మాత్రం తెర జంటలు వెనకబడలేదు. పుట్టించేటప్పుడు ముఖాలు వద్దు, ఏరేటప్పుడు ఉన్నా ఫరవాలేదని నేను దీన్ని చదువుకున్నాను. ఆలోచించే పది నిమిషాలు కెమెరాలు ఆపేయమని చెప్పడానికి ఇప్పుడు నాకు సిగ్గులేదు. నేనైతే లేచి బాల్కనీలోకి వెళ్తాను.

రాతతోనే అన్నీ తీరిపోవు. టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో నికొలస్ కోన్, స్టీవెన్ స్మిత్ తమ విద్యార్థులను చాటింగ్‌లో కూర్చోబెట్టి, ఆ విశ్వవిద్యాలయాన్ని ఎలా బాగుచేయొచ్చో రాయమన్నారు. పార్కింగ్ అని ఒకరు రాస్తే మిగతావాళ్లూ పార్కింగ్ చుట్టూనే తిరిగారు. ఈ ఉదాహరణ నాది, తీరు వాళ్లు కనిపెట్టినది. ఒకరి రాతలు ఒకరు చూస్తూ రాసినవాళ్లు, విడిగా రాసినవాళ్ల కంటే తక్కువ రకాల ఆలోచనలు తాకారు. విరామం ఇస్తే ఆ పట్టు సడలింది. పన్నెండు మంది కలిస్తే లాభం అన్న డెన్నిస్, వలాసిచ్ మాటకీ దీనికీ పొత్తు కుదరదేమో అనిపిస్తుంది. వరసలో పెడితే కుదురుతుంది. ముందు ఎవరికి వారు చూసుకోకుండా రాయాలి. తర్వాత తెరిచి అందరివీ చదవాలి. మధ్యలో లేచి నీళ్లు తాగాలి. మళ్లీ రాయాలి.

ఆస్బోర్న్ మొదటి నియమం గురించి కూడా ఒక మాట. విమర్శ వద్దన్న నియమం చాలామందికి వేదవాక్కు. కానీ 1990లో టెర్రీ కానలీ, లెన్ జెస్సప్, వలాసిచ్ ప్రచురించిన అధ్యయనంలో అన్నిటికంటే ఎక్కువ ఆలోచనలు ఇచ్చినవి, పేర్లు దాచి, విమర్శను మాత్రం ఉంచిన గుంపులు. షార్లాన్ నెమెత్ 2004లో అమెరికాలో, ఫ్రాన్స్‌లో చేసిన పోలికలోనూ "వాదించుకోండి" అని చెప్పిన గుంపులు "విమర్శించకండి" అన్న గుంపుల కంటే వెనకబడలేదు సరికదా, ముందున్నాయి. అవధానం చూసినవాళ్లకు ఇది వింత కాదు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక్కో అక్షరాన్నీ కాదంటుంటేనే కదా, అవధాని ఎవరూ ఊహించని పదంలోకి వెళ్లేది. అయితే అక్కడ కాదనేది అక్షరాన్ని, అవధానిని కాదు. మన ఆఫీసుల్లో ఈ రెండూ వేరు చేయడం కష్టం. పేరు దాచితే కొంత సులువవుతుంది.

పేరు దాచడం మన దగ్గర ఇంకా ఎక్కువ అవసరం. సార్ ముందుగా తన ఆలోచన చెప్పాక, ఇరవై ఆరేళ్ల కొత్తవాడు దానికి ఎదురు చెబుతాడని ఆశించడం అమాయకత్వం. "సార్ చెప్పింది బావుంది, దానికి తోడు..." అనే మొదలుపెడతాడు. దాంతో మొత్తం టీము సార్ ఆలోచనకు అనుబంధాలు రాస్తూ గడిపేస్తుంది. అందుకని నేను చూసిన మంచి మేనేజర్లు రెండు పనులు చేస్తారు. ప్రశ్నను ముందురోజే రాసి పంపుతారు. తాము చివర రాస్తారు, లేదా అసలు రాయరు. ప్రశ్న ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిది. "యాప్ ఎలా బాగుచేద్దాం" అంటే గాలిమాటలు వస్తాయి. "ఆధార్ నంబరు అడిగే పేజీ దగ్గర వెళ్లిపోతున్నవాళ్లకు మనం ఏం చూపిస్తే ఆగుతారు" అంటే ముప్ఫై చీటీలు పడతాయి.

డాలస్‌లో ఉన్న ఇద్దరి కోసం రాత్రి ఎనిమిదిన్నరకు అందరినీ కూర్చోబెట్టవలసిన పని కూడా లేదు. బోర్డును ఒక రోజు తెరిచి ఉంచితే ఎవరి వేళకు వాళ్లు రాస్తారు. కలవడం ఏరడానికి. బోర్డు మీదున్నవాటిని అప్పుడప్పుడూ దించి దాచుకోవాలని మాత్రం చెప్పాలి. గూగుల్ జామ్‌బోర్డు 2024 చివర్లో మూతపడింది కదా.

ఏరడమే కష్టమైన భాగం, అందరూ తప్పించుకునేదీ అదే. జపాన్ మానవశాస్త్రవేత్త జిరో కవాకితా నేపాల్‌లో ఊళ్లు తిరిగి రాసుకున్న చీటీల గుట్టను ఏం చేయాలో తెలియక, ముందే పేర్లు పెట్టిన అరల్లోకి తోయకుండా, దగ్గరగా అనిపించిన చీటీలను పక్కపక్కన పెడుతూ పోయి, గుంపు కట్టాకే దానికి పేరు పెట్టాడు. ఇప్పుడు ప్రతి ఆన్‌లైన్ బోర్డులోనూ చీటీలను గుంపులు చేసే పద్ధతి ఆయన వంశమే. మన టీములు తరచూ తలకిందులుగా చేస్తాయి. ముందే "టెక్నికల్", "డిజైన్", "ఇతరములు" అని గళ్లు గీస్తారు. ఇతరములులో పడినవి ఇక ఎవరూ చూడరు. కొత్తదేదైనా ఉంటే ఉండేది అక్కడే.

పరిమాణం పెరిగితే ఏరడం ఎంత భారమో 2006లో ఐబీఎం చూసింది. 104 దేశాల నుంచి, 67 కంపెనీల వాళ్లతో కలిపి లక్షన్నర మంది ఆన్‌లైన్‌లో, 72 గంటల చొప్పున రెండు విడతలు రాశారు. 46,000 ఆలోచనలు పోగుపడ్డాయి. తర్వాత పెద్ద పదవుల్లో ఉన్న దాదాపు 50 మంది ఒకచోట చేరి వారం రోజులు వాటిని చదివారు. పది కొత్త వ్యాపారాలకు 10 కోట్ల డాలర్లు కేటాయించారు. ఆ చర్చల్ని పరిశీలించినవాళ్లు గమనించిన లోపం ఏమిటంటే, జనం ఒకరి ఆలోచన మీద ఒకరు కట్టడం తక్కువ, ఎవరిది వాళ్లు పెట్టి వెళ్లిపోవడం ఎక్కువ. ఆస్బోర్న్ నాలుగో నియమం లక్షన్నర మందిలోనూ అమలు కాలేదు.

పోయిన ఏడాది ఒక చిన్న టీము చేత నేను ఈ రాత పద్ధతి చేయించాను. పదకొండు మంది. ముందురోజే ప్రశ్న పంపాం. కాల్ మొదలయ్యాక కెమెరాలు, మైకులు ఆపి, పన్నెండు నిమిషాలు ఎవరికి వారు రాయడం. పేర్లుండవు. మూడో నిమిషానికే ఆ నిశ్శబ్దం నాకు భరించరానిదైంది. ఏదో ఒకటి మాట్లాడి ప్రోత్సహించాలన్న దురద. నా వేళ్లు మ్యూట్ బొత్తాం మీదే ఉన్నాయి. బోర్డు మీద ఒక్కో చీటీ తెరుచుకుంటోంది, ఎవరిదో తెలియదు. ఏడో నిమిషంలో ఎవరో మైకు తెరిచి అడిగారు:

"హలో... అందరూ లైన్‌లోనే ఉన్నారా అండీ?"

ఎవరూ జవాబివ్వలేదు. అందరూ రాసుకుంటున్నారు.